చెల్లెలి కేసు, నా పెత్తనం

పెండ్లి నలుగురి ముందు జరుగుతుంది కదా, తెగదెంపులు కూడా ఆ నలుగురి ముందే అయిపోతాయని నేను చాలా ఏండ్లు నమ్మినాను. నమ్మి ఊరుకోలేదు. నా చెల్లెలి కాపురం విషయంలో దగ్గరుండి అట్లే జరిపించినాను. మా నాయన ధర్మవరంలో గుంటమగ్గం మీద పట్టుచీరలు నేసిన మనిషి, బడికి పోయింది తక్కువ. ఆయన పొరపాటు పడింటే అర్థముంది. నేను డిగ్రీ చదివి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నవాణ్ణి. ఇంట్లోకి ఏ కాగితం వచ్చినా నా చేతికే ఇచ్చేవాళ్లు. ఆ నమ్మకాన్ని నేను ఎట్ల పాడుచేసినానో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను. రాయమన్నది కూడా నా చెల్లెలే. తన పేరు మాత్రం వద్దనింది.

2019లో, ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి కార్లు బయటికి రావడం మొదలైన సంవత్సరం, పెనుకొండలో కల్యాణమండపం తీసుకుని పెండ్లి చేసినాము. పిల్లవాని వాళ్లది హిందూపురం. కాపురం అక్కడే పెట్టినారు. పాప పుట్టింది. తర్వాత అతనికి బెంగళూరులో పని దొరికింది. వారానికొకసారి వచ్చేవాడు, పోను పోను అదీ తగ్గింది. వాళ్లిద్దరి మధ్య ఏం జరిగిందో నేను రాయను, అది వాళ్లది. 2021లో నా చెల్లెలు పాపనెత్తుకుని ధర్మవరం వచ్చేసింది. "చెల్లెలు ఇంకా ఇక్కడే ఉందా?" అని కనపడినోళ్లంతా అడుగుతుంటే నాకు తల కొట్టేసినట్లయ్యేది. ఆమె బాధ కంటే ఆ ప్రశ్నే నన్ను ఎక్కువ తొందరపెట్టింది.

అందుకని పంచాయితీ పెట్టించినాను. హిందూపురానికీ ధర్మవరానికీ నడుమ ఉంటుందని పెనుకొండలో, సంబంధం కుదిర్చిన పెద్దమనిషి ఇంట్లోనే కూర్చున్నాము. అబ్బాయి తరఫున నలుగురు, మా తరఫున నలుగురు. వంద రూపాయల స్టాంపు పేపరు తెచ్చినారు. మూడు లక్షలు ఇచ్చేట్లు, బంగారం వెనక్కి ఇచ్చేట్లు, ఇకమీదట తనకు గానీ పాపకు గానీ ఎలాంటి మనోవర్తీ అడగనట్లు, ఎవరి దోవ వాళ్లు చూసుకుని మళ్లీ పెండ్లి చేసుకోవచ్చునన్నట్లు రాయించినాము. పాపకు ఏమీ అడగమనే వాక్యం చెప్పి రాయించింది నేనే. మళ్లీ మళ్లీ వాళ్ల గడప తొక్కే పని ఉండకూడదని. నా చెల్లెలు లోపలి గదిలో ఆడవాళ్లతో కూర్చుని ఉంది. కాగితం పట్టుకుపోయి, ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించినాను. "దీంతో అయిపోతుందా అన్నా?" అని అడిగింది. "అయిపోయిందమ్మా" అన్నాను. మరుసటి రోజు నోటరీ ముద్ర కూడా వేయించి, ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేసినాను.

ఆ తాళం వెనక ఉన్నది ఒట్టి కాగితమని తెలిసింది రెండో సంబంధం చూసినప్పుడు. కదిరి వైపు వాళ్లు, మంచి కుటుంబం. మాటలు దాదాపు కుదిరినాయి. వాళ్ల బంధువుల్లో ఒకాయన కోర్టు ముందర టైపు చేసే మనిషి. ఆయన ఒక్కటే అడిగినాడు, "డిక్రీ కాపీ ఉందా?" అని. నేను గర్వంగా స్టాంపు పేపరు తీసి చూపించినాను. ఆయన దాన్ని ఒకసారి చదివి నా చేతికే ఇచ్చి, "ఈ కాగితంతో పెండ్లి చేస్తే మీ చెల్లెలి మీద కేసవుతుంది నాయనా" అన్నాడు.

హిందూ వివాహ చట్టం 1955 నాటిది. ఆ చట్టం కింద జరిగిన పెండ్లి కోర్టు డిక్రీతోనే తెగుతుంది. కొన్ని కులాల్లో పెద్దల ముందు తెగదెంపులు చేసుకునే ఆచారం తరతరాలుగా ఉంది, దాన్ని ఆ చట్టమే 29వ సెక్షన్‌లో కాపాడింది కూడా. అయితే అట్లాంటి ఆచారం తమలో ఉందని చెప్పుకునేవాళ్లు దాన్ని కోర్టులో రుజువు చేసుకోవాలి. యమనాజీ జాదవ్, నిర్మల కేసులో సుప్రీంకోర్టు 2002లోనే ఈ మాట చెప్పింది. మా ఇండ్లల్లో అట్లాంటి ఆచారం లేనేలేదు. నోటరీ ముద్రకు విడాకులిచ్చే అధికారం లేదు. పెండ్లి పత్రాలు, విడాకుల పత్రాలు నోటరీలు చేయకూడదని కేంద్ర న్యాయ శాఖ 2024 అక్టోబరులో మళ్లీ గట్టిగా చెప్పవలసి వచ్చిందంటే, నాలాంటివాళ్లు దేశమంతా ఉన్నారన్నమాట. భర్త బతికుండగా, డిక్రీ లేకుండా చేసే రెండో పెండ్లి చెల్లదు. అది నేరం కూడా. పాత శిక్షాస్మృతిలో 494వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 82, ఏడేండ్ల దాకా జైలు. ఆ టైపు చేసే పెద్దాయన ఆ రోజు ఆ ప్రశ్న అడగకపోయుంటే నా చేతులారా నా చెల్లెల్ని నేరస్తురాల్ని చేసి ఉండేవాణ్ణి. ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

మనోవర్తి అడగనని రాయించిన మాట కూడా నిలిచేది కాదు. నాగేంద్రప్ప నటికార్, నీలమ్మ కేసులో 2013లో సుప్రీంకోర్టు, జీవనభృతి హక్కును వదులుకుంటున్నానని రాసుకున్న ఒప్పందం ప్రజాహితానికి విరుద్ధమని చెప్పింది. ఇక పాప తిండీ చదువూ పాప హక్కు. దాన్ని మేనమామ రాసిచ్చేస్తే పోయేది కాదు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు కలిగింది ఊరట కాదు, సిగ్గు. ఏడాది నిండని బిడ్డ కడుపు మీద నేను గీత గీయించినాను.

ఇంత జరిగినాక బుద్ధి రావాలి. రాలేదు. ఈసారి పెద్ద లాయర్ని పెట్టాలనుకున్నాను. ధర్మవరం కోర్టు ముందర చెట్టు కింద టేబుళ్లు వేసుకుని కూర్చునేవాళ్లకు ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. చిన్న ఊరి వకీళ్ల గురించి నాకున్న చులకన అది, దాచుకోను. ఆడవాళ్లకు ఉచితంగా లాయర్ని ఇస్తారని నాయనకు ఎవరో చెప్తే, "ఊరికే వచ్చేవాడు ఊరికే పని చేస్తాడా" అని నోరు మూయించినాను. బెంగళూరులో నా ఆఫీసుకు దగ్గర్లో, ఏసీ గదిలో కూర్చున్న ఒక లాయరు దగ్గరికి పోయినాను. అబ్బాయి పని చేసేది బెంగళూరులోనే కాబట్టి కేసు ఇక్కడే వేయొచ్చన్నాడు. చట్టప్రకారం అది తప్పు కాదు, ఎదుటి పక్షం నివాసమున్న చోట కేసు వేయవచ్చు. ఫీజు కాక, వచ్చే భరణంలో ఇంత శాతం ఇవ్వాలన్నాడు. సరేనన్నాను. గెలిచినదాంట్లో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం వకీలుకు నిషిద్ధమని అప్పటికి నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. గది చల్లగా ఉంది, ఆయన ఇంగ్లీషు బాగుంది, నాకు అంతే చాలనిపించింది.

పిటిషన్ ఇంగ్లీషులో తయారైంది. నా చెల్లెలు తెలుగు మీడియంలో పది చదివింది. ప్రతి పేజీ కిందా సంతకం పెట్టించినాను, చదివి వినిపించలేదు.

ఆ తర్వాత వాయిదాలు. ధర్మవరంలో తెల్లవారుజామున రైలెక్కి, పాపను ఒళ్లో పెట్టుకుని, పెనుకొండా హిందూపురం దాటుకుని ఆమె బెంగళూరుకు వచ్చేది. నాయనకు కండ్లు మందగించినాక మగ్గం మీద కూర్చుంటున్నది ఆమే. ఒక వాయిదాకు వచ్చిపోతే మగ్గం ఆగినట్లే, కూలి పోయినట్లే. పట్టుకూ జరీకీ పెట్టుబడి పెట్టిన షావుకారుకు చీర చెప్పిన గడువుకు దిగకపోతే మాట పడాలి. కోర్టు వరండాలో ఆమెకు అర్థం కాని కన్నడంలో, ఇంగ్లీషులో పేర్లు పిలుస్తుంటే, తన పేరు ఎప్పుడొస్తుందోనని నిలబడి ఉండేది. లాయరు గారి జూనియరు వచ్చి ఇంకో తారీఖు చెప్పి పోయేవాడు. "ఎందుకన్నా మనూర్లో వేయలేదు?" అని ఒకసారి రైల్వే స్టేషన్‌లో అడిగింది. "నీకు తెలీదులేమ్మా" అన్నాను.

తెలియంది నాకు. హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్ ఆమె కేసును మూడు ఊర్ల ముంగిట్లో పెట్టింది. పెండ్లి జరిగిన పెనుకొండలో వేయొచ్చు. చివరగా కలిసి కాపురమున్న హిందూపురంలో వేయొచ్చు. 2003లో పార్లమెంటు ఆ సెక్షన్‌కు ఒక మాట కలిపింది, పిటిషన్ వేసేది భార్య అయితే ఆమె ఇప్పుడు ఎక్కడుంటే అక్కడే వేసుకోవచ్చునని. అంటే ధర్మవరం. బస్సూ రైలూ అక్కర్లేకుండా మా వీధి నుంచి ఆటోలో పోయే దూరం. ఆ సవరణ ఎవరి కోసమో తెలుసుకున్నాక నాకు నిద్రపట్టలేదు. అచ్చం నా చెల్లెలి లాంటి మనిషి కోసమే, పుట్టింట్లో పసిబిడ్డతో ఉండి చేతిలో దోవఖర్చులు లేని ఆడమనిషి కోసమే దాన్ని చేసినారు. చట్టం ఆమె గుమ్మం దాకా వచ్చి నిలబడితే నేను ఆమెను రైలెక్కించినాను.

ఈ చోటు తగాదాకు మన సీమలో చరిత్రే ఉంది. సినీనటి సరితను కాపురానికి పంపమని ఆమె భర్త కడప సబ్ కోర్టులో కేసు వేసినాడు. ఈ కోర్టుకు ఆ అధికారం లేదని ఆమె అభ్యంతరం చెప్పింది. అది చెల్లకపోతే హైకోర్టుకు పోయింది. 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి ఇచ్చిన తీర్పు, ఇష్టం లేని కాపురానికి మనిషిని బలవంతాన పంపే, అదే చట్టంలోని 9వ సెక్షన్ రాజ్యాంగానికే విరుద్ధమంది. మరుసటి ఏడే సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చి సెక్షన్‌ను నిలబెట్టింది. అయినా మన హైకోర్టు ఆ రోజు ఒక ఆడమనిషి ఇష్టాన్ని అంత ఎత్తున నిలబెట్టిందని నాకు గౌరవం. అదే కడపకు పక్క జిల్లావాణ్ణి నేను, నలభై ఏండ్ల తర్వాత కూడా ఇష్టమేమిటని నా చెల్లెల్ని అడగలేదు.

దారి కనుక్కున్నది ఆమే. పక్కింటి నేతగత్తె కూతురి కేసు చూసిన లాయరమ్మ ఒకామె ధర్మవరంలో ఉందని విని, నాకు చెప్పకుండా పోయి కలిసింది. రెండోసారి నన్ను రమ్మన్నారు. పోయినాను. ఆమె నా పేరూ వరుసా అడిగి, "మీరు కొంచెంసేపు బయట కూర్చోండి" అనింది. గంటసేపు నా చెల్లెలు లోపల మాట్లాడింది. అన్ని మాటలు తనకున్నాయని నాకు తెలియదు.

లోపలికి పిలిచినాక ఆ లాయరమ్మ బెంగళూరు పిటిషన్‌ను తెలుగులో చెప్తూ పోయింది. అత్త కొట్టిందని, కిరోసిన్ పోస్తానని బెదిరించిందని, ఇంకా ఏమేమో ఉంది అందులో. నా చెల్లెలు మధ్యలో ఆపింది. "ఇదంతా నేను చెప్పలేదు మేడమ్. మా అత్త నన్ను ఎన్నడూ కొట్టలేదు." ఆ గదిలో నేను తల ఎత్తలేకపోయినాను. కేసు బలంగా ఉండాలని లాయరు రాసుకుంటే, బలంగా ఉందిలే అని నేను సంతోషించినాను. ఆమె సంతకం కింద అబద్ధం పడింది. కె. శ్రీనివాసరావు, డి.ఎ. దీప అనే తెలుగు దంపతుల కేసులో 2013లో సుప్రీంకోర్టు, అబద్ధపు ఆరోపణలు మానసిక క్రూరత్వమే అవుతాయని చెప్పింది. విడాకులడిగిన మా అమ్మాయే క్రూరురాలిగా తేలే ప్రమాదంలోకి నేను నెట్టినాను. అదే తీర్పులో, కాపురాల తగాదాలను మొదట్లోనే మధ్యవర్తిత్వానికి పంపాలని కింది కోర్టులకు చెప్పింది. మేము ఆ గడప దాకా కూడా పోలేదు.

తర్వాత లాయరమ్మ సీఎన్ఆర్ నంబరు అడిగింది. ప్రతి కేసుకూ పదహారు అక్షరాల ఆ నంబరుంటుంది. ఈకోర్ట్స్ యాప్‌లో కొడితే కేసు ఏ దశలో ఉందో ఎవరైనా చూసుకోవచ్చు. నా దగ్గర లేదు. బెంగళూరుకు ఫోను చేసి తెప్పించుకుని చూస్తే, అబ్బాయికి నోటీసే అందలేదు. అతను ఆ అద్దెగది ఖాళీ చేసి పని మానేసి హిందూపురం వచ్చేసి చాన్నాళ్లయింది. నేనిచ్చింది పాత అడ్రసు. అన్ని తెల్లవారుజాములు, అన్ని కూలిరోజులు, నోటీసు కూడా అందని కేసు కోసం.

ఆ కేసును ధర్మవరానికి మార్పించండి అన్నాను. రాష్ట్రం దాటిన కేసును మన హైకోర్టు మార్చలేదనీ, సివిల్ ప్రొసీజర్ కోడ్ 25వ సెక్షన్ కింద సుప్రీంకోర్టుకే పోవాలనీ అప్పుడు తెలిసింది. హిందూపురం దాటితే కర్ణాటక. మనకు అది పొద్దున పోయి సాయంత్రం వచ్చే దూరం. కోర్టు కాగితానికి ఆ హద్దు దాటాలంటే ఢిల్లీ చుట్టి రావాలి. చివరకు అక్కడి కేసును, మళ్లీ వేసుకునే అనుమతితో వెనక్కి తీసుకున్నాము. బాకీ కడితే గానీ ఫైలు ఇవ్వనని బెంగళూరు లాయరంటే, కట్టి తెచ్చుకున్నాను. ఫీజు బాకీ ఉందని వకీలు కక్షిదారు ఫైలు పట్టుకోగూడదని ఆర్.డి. సక్సేనా కేసులో 2000లోనే సుప్రీంకోర్టు చెప్పి ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఊరి లాయరు విలువ ఆ తర్వాతే నాకు అర్థమైంది. అబ్బాయి తరఫు హిందూపురం వకీలు ఈమెకు తెలుసు. రెండు ఫోన్లతో మాటలు మొదలైనాయి. అబ్బాయికీ విసుగొచ్చి ఉంది. అతనూ మా కాగితాన్నే నమ్మి కూర్చున్నవాడే. ఇద్దరికీ ఇష్టమైతే హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకారంతో పోవచ్చుననింది. ఏడాదికి తక్కువ కాకుండా విడిగా ఉండి ఉండాలి, ఇద్దరూ కలిసి పిటిషన్ వేయాలి, ఆరు నెలలు దాటాక, పద్దెనిమిది నెలల లోపల మళ్లీ ఇద్దరూ వచ్చి అడగాలి. ఆ ఆరు నెలల గడువును తగిన కేసుల్లో కోర్టు మినహాయించవచ్చునని అమర్‌దీప్ సింగ్ కేసులో 2017లో తీర్పు వచ్చింది. "అడుగుదాం, ఇస్తారని మాత్రం నేను మాటివ్వను" అనింది. అట్లా మాటివ్వకపోవడమే ఆమె మీద నాకు నమ్మకం కుదిర్చింది. పెండ్లిపత్రిక, ఫోటోలు, ఆధార్ కార్డులు, బంగారం పట్టీ తెమ్మనింది. పెండ్లి రిజిస్టరు చేయించారా అని అడిగింది. 2002 నాటి చట్టం ప్రకారం మన రాష్ట్రంలో అది తప్పనిసరి. నేను ఆ రోజు మండపం బిల్లు చూసుకున్నాను గానీ దాని ఊసే ఎత్తలేదు. చేయించనంత మాత్రాన పెండ్లి లేకుండా పోదు, పత్రికా ఫోటోలతో రుజువు చేసుకుందామనింది.

ఈసారి షరతులు చెప్పింది నా చెల్లెలు. తనకు ఒక మొత్తం, పాప పేరు మీద బ్యాంకులో వేరే మొత్తం, చదువు ఖర్చుల్లో తండ్రి వాటా, పాపను తండ్రి చూడ్డానికి వచ్చే రోజులు. ఆ చివరిది నేనైతే రాయించేవాణ్ణి కాను. "పాపకు నాయన కావాలన్నా, నాకు భర్త వద్దు" అనింది. ఇంత తేటగా ఆలోచించే మనిషిని లోపలి గదిలో కూర్చోబెట్టి నేను బయట బేరమాడినాను.

జడ్జి గారు ఆమెను అడిగిన మాట నాకు ఆమే చెప్పింది. "ఇది నీ ఇష్టంతోనేనా అమ్మా, ఎవరైనా బలవంతం చేసినారా? నీ అన్నో, నాయనో?" చట్టంలోనే ఉంది ఆ ప్రశ్న. అంగీకారం బలవంతం వల్లా మోసం వల్లా రాలేదని కోర్టు తృప్తిపడాలని 23వ సెక్షన్ అంటుంది. చివరి నిమిషం దాకా ఎవరైనా మనసు మార్చుకోవచ్చునని సురేష్టాదేవి కేసులో 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. ముక్కూ మొహం తెలియని జడ్జి అడిగిన మాట, ఒకే ఇంట్లో పెరిగిన అన్న అడగలేదు.

డిక్రీ వచ్చింది. నకలు ఆమె దగ్గరే ఉంది. బీరువా తాళాలు కూడా ఇప్పుడు ఆమె దగ్గరే. మళ్లీ పెండ్లి సంగతి నేను ఎత్తడం లేదు.

మన వైపు ఇంకో మాట విపరీతంగా తిరుగుతుంది. ఏడేండ్లు విడిగా ఉంటే విడాకులు వాటంతటవే వచ్చేసినట్లేనని. కాదు. ఏడేండ్లు మనిషి బతికున్న జాడే తెలియకపోతే విడాకులడగడానికి అదొక కారణమని చట్టంలో ఉంది. రెండేండ్లు వదిలేసి పోతే అదీ ఒక కారణమే. ఏదైనా అడగాలి, రుజువు చేయాలి, డిక్రీ తీసుకోవాలి. తిరిగి కలిసే వీల్లేకుండా కాపురం చెడిపోయిందని ఆ ఒక్క కారణం మీదే విడాకులివ్వడం సుప్రీంకోర్టుకే ఉన్న అధికారమని 2023 మే నెలలో శిల్పా శైలేష్ కేసులో తేలింది. కింది కోర్టులో అది చెల్లదు.

ధర్మవరంలో, పెనుకొండలో, హిందూపురంలో ఇట్లాంటి ఆడబిడ్డను ఇంట్లో పెట్టుకుని మథనపడుతున్న అన్నలకూ నాయనలకూ నా విన్నపం ఇది. స్టాంపు పేపరు కొనకండి. లాయర్ని పెట్టుకునే స్తోమత లేకపోతే సిగ్గుపడకండి; 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో పనిలేకుండా ప్రతి స్త్రీకీ ఉచితంగా న్యాయసహాయం అడిగే హక్కుంది. కోర్టు ఆవరణలోని న్యాయసేవల కమిటీలో అడగండి, లేదా 15100కు ఫోను చేయండి. ఏ లాయరు దగ్గరికి పోయినా ఫీజు ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి, వేసిన ప్రతి కాగితం నకలూ తీసుకోండి, సీఎన్ఆర్ నంబరు ఆమె ఫోనులో ఉండేట్లు చూడండి. పిటిషన్ ఆమెకు తెలిసిన భాషలో చదివి వినిపించేదాకా సంతకం పెట్టనీయకండి. లాయరు ఎదుటి కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి, మీరు బయట ఉండండి.